టిక్కు పెట్టని గడి

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక గొడవ వదిలిపోతుంది. ఇరవై రెండేళ్ళు షెడ్లలో మెషీన్ల మధ్య తిరిగిన ఆడదానికి కోపం లేకపోతే రోజు గడవదు. "మేడం, ఇంజనీరు సారు వెనుక వస్తున్నడా?" అని గేటు దగ్గర అడిగినవాళ్ళకు లెక్కలేదు. నేనే ఇంజనీర్ని, పక్కకు జరుగు బాబూ, అని బ్యాగు భుజాన వేసుకుని లోపలికి పోయేదాన్ని. పెళ్ళెందుకు చేసుకోలేదని మాత్రం అడక్కండి. అదో పెద్ద రామాయణం, చెప్పే ఓపిక నాకు లేదు.

నా పని ఇనుము మీద నంబర్లు వేయించడం. షెడ్డులో తయారైన ప్రతి ముక్క మీదా ఒక నంబరు ఉండాలి. ఏ నెలలో చేశారు, ఆ నెలలో ఎన్నో ముక్క అని. రేపెక్కడైనా వాల్వు పగిలితే ఆ నంబరు పట్టుకునే దాని పుట్టుపూర్వోత్తరాలు లాగుతారు. పూర్వం సుత్తీ, కొసన అంకె చెక్కిన ఉక్కు పంచ్‌లూ పట్టుకుని ఒక్కో అంకే కొట్టేవారు. ఇప్పుడు ఒక గట్టి సూది గాలి ఒత్తిడితో టకటకమని చుక్కలు పొడుస్తూ రాసేస్తుంది. ఏం రాయాలో దానికి చెప్పేది కంప్యూటర్లోని సాఫ్ట్‌వేర్. అది ఎక్కించి, అక్షరం ఎంత ఎత్తుండాలి, దెబ్బ ఎంత గట్టిగా పడాలి, ముక్క మీద ఎక్కడ మొదలుపెట్టాలి, అన్నీ కుదిర్చి, పనివాళ్ళకు నేర్పడం నా వంతు. మెషీన్లు అమ్మిన కంపెనీ ఇక్కడి ఆఫీసు మూసేశాక ఏడు షెడ్ల వాళ్ళు నన్నే నమ్ముకున్నారు. అల్వాల్‌లో మేడ మీద రెండు గదుల వాటా, ఒక ల్యాప్‌టాప్, ఒక ఫోను. నాకున్నది అంతే.

ఇప్పుడు చెప్పబోయేది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. నెల మారినప్పుడల్లా నంబరులో నెలకు గుర్తుగా ఉండే అక్షరం మారాలి, వరస మళ్ళీ ఒకటి నుంచి మొదలవ్వాలి. సాఫ్ట్‌వేర్‌లో దీనికోసం ఒక చిన్న గడి ఉంటుంది. అందులో టిక్కు పెడితే ఒకటో తారీఖు రాగానే దానంతటదే మారిపోతుంది. నేను ఆ టిక్కు పెట్టలేదు. ఏడు షెడ్లలో ఒక్కచోట కూడా పెట్టలేదు. పైగా ఆ పేజీకి పాస్‌వర్డ్ పెట్టి తాళం వేశాను. ఎందుకని అడిగినవాళ్ళతో, "ఎవరైనా చెయ్యి తగిలించి పాడుచేస్తారండీ, జాగ్రత్త కోసం" అనేదాన్ని. జాగ్రత్తా లేదు, నా మొహమూ లేదు. టిక్కు పెడితే నాకు ఫోను ఎవరు చేస్తారు?

అలా ఒకటో తారీఖు నాకు పండగైంది. పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చునేదాన్ని. తొమ్మిది దాటాక ఒక్కో షెడ్డు నుంచీ ఫోను వచ్చేది. వాళ్ళ స్క్రీన్ మీద కనిపించే కోడ్ చదివి చెబితే, నేను ఇక్కడినుంచే వాళ్ళ కంప్యూటర్లోకి వెళ్ళి, పాస్‌వర్డ్ కొట్టి, అక్షరం మార్చి, వరస ఒకటికి తెచ్చేదాన్ని. ఐదు నిమిషాల పని. దానికి పైసా తీసుకునేదాన్ని కాదు, అదేదో నా నిజాయితీ అయినట్టు.

ఆరు షెడ్ల వాళ్ళు పని కాగానే "థాంక్స్ మేడం" అని పెట్టేసేవారు. ఏడోది తిరుమలగిరి దాటాక లోపలి సందులో ఉండే వాల్వుల షెడ్డు. అక్కడ మెషీన్ నడిపే ఆయనకు యాభై ఏడేళ్ళు. ముప్ఫై ఏళ్ళు సుత్తితో నంబర్లు కొట్టిన చెయ్యి ఆయనది. ఎడమచేతి బొటనవేలికి గోరు సగమే ఉంటుంది. మెషీన్ పెట్టిన కొత్తలో మౌసు ముట్టుకోవడానికే వణికిపోయాడు. "ఇది కరుస్తదా మేడం?" అని అడిగితే, "కరవదన్నా, నేను కరుస్తాను, తొందరగా నేర్చుకో" అన్నాను. నేర్చుకున్నాడు. ఆయన మాత్రం పనయ్యాక ఫోను పెట్టేసేవాడు కాదు.

"తిన్నరా మేడం?" అనేవాడు.

"ఇంకా లేదన్నా."

"ఏం కూర చేసిన్రు?"

మొదటిసారి అలా అడిగిన పూట నాకున్నది పెరుగన్నం, నిమ్మకాయ పచ్చడి. సిగ్గేసి "బెండకాయ వేపుడు" అని అబద్ధం చెప్పాను. ఆ తర్వాతి నెల నుంచి అబద్ధం ఎందుకని నిజంగానే వండటం మొదలుపెట్టాను. నెలంతా పచ్చళ్ళతో నెట్టుకొచ్చినా ఒకటో తారీఖున మాత్రం కూర ఉండాల్సిందే. ముందురోజు సాయంత్రమే వెళ్ళి కూరగాయలు తెచ్చుకునేదాన్ని. దోసకాయ పప్పు అంటే, "మా ఇంటామె సుత గదే చేసింది" అని మురిసిపోయేవాడు. రెండు నిమిషాలు మాట్లాడేవాడు, అంతే. నవ్వేవాళ్ళు నవ్వండి, మూడేళ్ళు నేను ఆ రెండు నిమిషాల కోసం వంట చేశాను.

పోయిన వానాకాలంలో నాకు జ్వరం వచ్చింది. నెలాఖరు రోజు పడుకున్నదాన్ని మూడు రోజులు లేవలేదు. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. లేచి వైరు పెట్టే ఓపిక కూడా లేదు. కింద వాటా వాళ్ళు నేను ఊరెళ్ళాననుకున్నారట. లేచి కాస్త జావ కాచుకుని ఫోను వెలిగిస్తే, ఏడు షెడ్ల నుంచీ మిస్డ్ కాల్ మెసేజీలు. వాల్వుల షెడ్డు నుంచే పధ్నాలుగు. నా పాపిష్టి మనసు చూడండి, మొదట సంతోషమేసింది. ఇంతమంది వెతికారా నాకోసం అనుకున్నాను. తర్వాత ఆయనకు ఫోను చేస్తే తియ్యలేదు. ఆయన తియ్యకపోవడం అదే మొదటిసారి. ఒంట్లో ఓపిక లేకపోయినా ఆటో కట్టించుకుని వెళ్ళాను.

షెడ్డులో మెషీన్ ఆగి ఉంది. ఓనరు తన గదిలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన నలభై వాల్వులు, ఒకటో తారీఖున పంపినవి, తిరిగొచ్చి పడి ఉన్నాయి.

"ఏం చెప్పమంటరు మేడం. ఒకటో తారీఖునాడు అర్జెంట్ మాలు. మీ ఫోన్ బంద్. పెద్దాయన నేను జేస్త అని ఒక్కొక్క నంబరు చేత్తోని టైప్ చేసి కొట్టిండు. నాలుగు నంబర్లు డబుల్ పడ్డయి. ఒక్క నంబరు రెండింటి మీదుంటే ఆళ్ళు ఊకుంటరా? అన్నీ వాపస్. నిన్ననే చెప్పిన, సోమవారం సంది రావొద్దని. కండ్లు కనవడ్తలేవు ఆయనకు, ఇగ నడవది."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"వెనకాల. ఆయన సామాను సదురుకుంటుండు."

నేను ఆ వాల్వుల దగ్గర కింద కూర్చుని ఒక్కోటీ తిప్పి చూశాను. ఆరు రెండుసార్లు ఉంది. పదహారు, ఇరవై ఆరు, ముప్ఫై ఆరు కూడా రెండేసి. తొమ్మిది లేదు. పంతొమ్మిది, ఇరవై తొమ్మిది, ముప్ఫై తొమ్మిది లేవు. చూడగానే అర్థమైంది. సుత్తితో కొట్టే పంచ్‌ల పెట్టెలో తొమ్మిదికి వేరే పంచ్ ఉండదు. ఆరునే తలకిందులుగా పట్టుకుని తొమ్మిది కొడతారు. ముప్ఫై ఏళ్ళు తొమ్మిది కావాలన్నప్పుడల్లా ఆ చెయ్యి ఆరు మీదికే వెళ్ళింది. కంగారులో కీబోర్డు మీద కూడా అక్కడికే వెళ్ళింది. కళ్ళకేం కాలేదు. నేను ఆ గడిలో టిక్కు పెట్టి ఉంటే ఆయన ఒక్క అంకె కూడా చేత్తో కొట్టాల్సిన పని ఉండేది కాదు.

నోరు మూసుకుని ఊరుకుంటే ఎవరికీ తెలియదు. అప్పటికే ఓనరు, "మీదేం తప్పు లేదు మేడం, జ్వరం ఎవరికైనా వస్తది" అంటున్నాడు. వెనక నుంచి ఇనుప సామాను గలగలా వినిపిస్తోంది. ఆయన ఆ పాత పంచ్‌ల పెట్టె సర్దుకుంటున్నాడని నాకు తెలుసు. ఛీ, ఇదేం బతుకే నీది అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"తప్పు నాదే," అన్నాను. గడి సంగతి చెప్పాను. కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్ళి, పాస్‌వర్డ్ కొట్టి, చూపించాను.

ఓనరు స్క్రీన్ వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. "అంటే ఈ మూడేండ్లు దానంతట అదే మారేటిదా? మరి ఎందుకు పెట్టలే?"

"మీరు ఫోన్ చెయ్యాలని."

ఆయన తలాడించి నవ్వాడు. "సమజైంది. బిజినెస్ ట్రిక్కు. మేం మిమ్మల్ని వదలకుండ జేసిన్రు. జబర్దస్త్ ఉన్నరు మేడం మీరు." నేను కాదనలేదు. ఒంటరిదాన్ని అని చెప్పడం కంటే మోసగత్తెను అనిపించుకోవడమే తేలికనిపించింది.

పంచ్‌ల సంగతి కూడా చెప్పాను. ఆరుకూ తొమ్మిదికీ ఒకటే పంచ్ అని ఓనరుకు తెలియదు. పెద్దాయనతో పెట్టె తెప్పించి చూశాడు. చాలాసేపు ఆ ఆరును అటూ ఇటూ తిప్పాడు. చివరికి, "సోమవారం ఎప్పటిలెక్కనే రా పెద్దాయనా" అన్నాడు. పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకుని పెట్టె తీసుకెళ్ళి మళ్ళీ పాత చోటే పెట్టేశాడు. ఆ మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని, తప్పు పడిన నాలుగింటి మీదా పాత నంబరు రుద్దేసి కొత్తవి వేశాం. తర్వాత గడిలో టిక్కు పెట్టాను. పాస్‌వర్డ్ తీసేశాను. ఆయన పక్కనే నిలబడి చూశాడు.

"గింతేనా మేడం?" అన్నాడు.

"గింతే అన్నా."

ఎందుకు దాచానని ఆయన అడగలేదు. అడిగితే చెప్పేదాన్నేమో. ఆ వారంలోనే మిగతా ఆరు షెడ్లకూ వెళ్ళి టిక్కులు పెట్టేశాను. కక్ష కట్టినట్టు, ఒక్కటి కూడా వదల్లేదు.

మళ్ళీ ఒకటో తారీఖు వచ్చింది. ఎవరూ ఫోను చెయ్యరని తెలుసు. తెలిసి తెలిసి ముందురోజు మోండా మార్కెట్ దాకా వెళ్ళి లేత వంకాయలు ఏరి తెచ్చాను. పొద్దున్నే తలంటుకుని, నువ్వులూ పల్లీలూ వేయించి నూరి, గుత్తివంకాయ చేశాను. తొమ్మిదైంది, పదైంది. ఫోను బల్ల మీద అలాగే ఉంది. ఛార్జింగ్ నిండుగా ఉంది, సిగ్నల్ కూడా ఉంది, రెండుసార్లు చూశాను. పదకొండు దాటాక ఆగలేక నేనే చేశాను.

ఆయన వెంటనే ఎత్తాడు. వెనక మెషీన్ టకటకా కొడుతూనే ఉంది.

"అన్నా, నంబరు మారిందా?"

"అయ్యో మేడం! పొద్దుగాల ఆన్ చేసెవరకే మారిపోయి ఉన్నది. అచ్చరం మారింది, ఒకటి సంది షురూ అయింది. పదకొండు పీసులు కొట్టిన. తొమ్మిది తొమ్మిదే పడ్డది!" గొంతు నిండా సంతోషం. "మంచిగ చేసిచ్చిన్రు మేడం. మీ అవసరమే పడలే!"

నా పనికి అంతకంటే పెద్ద మెప్పు లేదు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

"మంచిదన్నా," అన్నాను. ఫోను పెట్టేయకుండా ఇంకాస్సేపు చెవి దగ్గరే పట్టుకున్నాను.

"ఉంట మరి మేడం, చేతుల పీసు ఉన్నది," అన్నాడు. టకటక ఆగిపోయింది.

"గుత్తివంకాయ," అన్నాను నేను, ఆయన పెట్టేశాక.