తాత కుట్టిన కుక్కపిల్ల కథ

మా వీధిలో పుస్తకాలు బైండింగ్ చేసే తాతను మీరు కలిసి తీరాలి! క్రిస్మస్‌కి మనవరాలికిద్దామని ఓ బొమ్మల పుస్తకం ఎంచుకున్నాడు. వానలో తప్పిపోయిన కుక్కపిల్ల అమ్మను చేరే కథ. నాలుగేళ్ల పిల్ల చింపేస్తుందని పుస్తకం విప్పి, ఏనుగు లాగినా ఊడనంత గట్టిగా మళ్లీ కుట్టాడు. ఆ హడావిడిలో అమ్మను చేరిన పేజీ మొదట్లోకి వెళ్లిపోయింది. కథ వానలోనే ముగిసింది.

క్రిస్మస్ పొద్దున మనవరాలు ఏడుపు లంకించుకుంది. "తాతా, తడిసిపోతోంది! లోపలికి తీసుకురా!"

విప్పుదామంటే ఆయన కుట్టు ఆయనకే లొంగలేదు. "ఏడవకు బంగారం, ఇదిగో గొడుగు!" అంటూ పెన్నుతో గీసేశాడు.

పిల్ల కళ్లు తుడుచుకుంది. "మరి దానికి ఆకలేస్తేనో?"

ఇప్పుడాయన పాలగిన్నె గీస్తున్నాడు. దుప్పటి కూడా కావాలట. మీరైతే ఏం చేసేవారు?