కోట్స్ పెట్టినావామ్మా?

ఇంగ్లండ్‌లోని లీడ్స్ ఆఫీసులో నా పక్క సీటు కడప నుంచి వచ్చిన సీనియర్‌ది. ఎవరు కంప్యూటర్‌కి ఆదేశాలిచ్చే షెల్ స్క్రిప్టు రాస్తున్నా వెనక నిలబడి, వేళ్లతో గాల్లో కొటేషన్ గుర్తులు గీస్తూ, "పేరు చుట్టూ కోట్స్ పెట్టినావామ్మా?" అని అడిగేవారు.

పుట్టినరోజు కేకులు ఆర్డర్ చేసే స్క్రిప్టులో నేను పెట్టలేదు. అందరూ మేరీ అని పిలిచే మా మేనేజర్ పూర్తి పేరు మేరీ అన్నా. కోట్స్ లేక ఆ పేరు మధ్యలోని ఖాళీ దగ్గర రెండు ముక్కలైంది. మేరీకి ఒకటి, అన్నాకి ఒకటి, రెండు కేకులొచ్చాయి. నా ప్రొబేషన్ ముగిసేది ఆ వారమే.

"ఈ అన్నా ఎవరు?" అంది మేనేజర్.

సీనియర్ లేచి, "నేనే. తెలుగువాళ్లంతా నన్ను అన్నా అనే పిలుస్తారు," అన్నారు ఇంగ్లిష్‌లో. ఆఫీసంతా పాట పాడింది. ఆయన సిగ్గుపడుతూ కొవ్వొత్తి ఊదారు.

ఆయన అసలు పుట్టినరోజు నెల తర్వాత వచ్చింది. ఆ రోజు ఎవరికీ చెప్పుకోలేక, తలొంచుకుని పనిచేసుకున్నారు.