మధ్యవర్తికి వేసిన విస్తరి

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, జమ్మలమడుగు దగ్గర కల్వర్టు పనిలో గవర్నమెంటు ఇంజనీరైన మా ఆయనకూ కాంట్రాక్టరుకూ తగాదా వచ్చింది. అలాంటప్పుడు మధ్యవర్తి మా ఆయన పై అధికారేనని ఒప్పందంలోనే రాసి ఉందట. ఇదేం న్యాయమో!

విచారణ రోజు ఆ మధ్యవర్తి మా ఇంట్లోనే భోజనానికి కూర్చున్నాడు. కాంట్రాక్టరు బయట ఎండలో నిలబడి ఉంటే మజ్జిగ తీసుకెళ్లాను.

"పెద్దసారు యాడుండాడమ్మా?"

"లోపల భోంచేస్తున్నారు."

ఆయన లోటా అందుకోలేదు. "మా ఊర్లో పంచాయితీ జేసేటోడు తీర్పు జెప్పేదాకా ఎవురింట్లోనూ మంచినీళ్లు గూడా ముట్టడమ్మా. ఇంగ ఈడ నాకేం పని?" అని వెళ్లిపోయాడు.

మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంతలో పెద్దసారు పులుసు ఇంకాస్త వేయమని కేకేశాడు.

వెళ్లి వేశాను.