అమ్మ మొక్కిన మఠం

మఠంలో చేరి సిస్టర్‌ని కావాలని నేను అనుకున్నది బాపుకు జబ్బు చేయకముందే. ఈ సంగతి మొదటే చెప్పేస్తున్నాను. తరువాత జరిగినదంతా దూరం నుంచి చూసినవాళ్లు, తల్లి పిల్లను మొక్కుకిచ్చింది, పిల్ల తల వంచుకుని పోయింది అని చెప్పుకున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

మేం సూరత్‌లో, లింబాయత్‌లో ఉండేవాళ్లం. బాపు మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. మా గల్లీలో చాలామంది సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి వచ్చిన నేతపనివాళ్లు. వాళ్లలో క్యాథలిక్ ఇల్లు మాదొక్కటే. మా గోడకు మరియమాత పటం ఉండేది. అదే గోడకు అవతలివైపు పక్కింటి చిన్నమ్మ వాళ్ల రాజన్న పటం ఉండేది. పండగ వంటలు అటూ ఇటూ నడిచినట్టే మొక్కులు కూడా నడిచేవి. చిన్నమ్మ వేములవాడ రాజన్న గుడిలో కోడెదూడను కట్టి ఇచ్చేస్తానని మొక్కితే, అమ్మ మరియమాతకు నిలువెత్తు కొవ్వొత్తి మొక్కేది. నాకు పన్ను నొప్పి వచ్చినా, బాపుకు పని దొరకకపోయినా, గ్యాస్ సిలిండర్ ఆలస్యమైనా అమ్మ ముందు మొక్కేది, తరువాత ఆలోచించేది.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే నిద్రపోయినదాన్ని, అది లేకపోయేసరికి నాకు నిద్ర పట్టేది కాదు. ఎవరైనా దగ్గితే చాలు, గల్లీలో కిటికీలన్నీ మూసేసేవాళ్లు. ఆ రోజుల్లోనే మా గుడి, అంటే చర్చి, ఫాదర్ నుంచి కబురొచ్చింది. సూరత్‌లోనే వడోద్ అనే బస్తీలో ఇద్దరు సిస్టర్లు ఒక కిరాయి ఇంట్లో ఉంటున్నారట, ఊరికి పోలేక చిక్కుబడిపోయిన కార్మికులకు వండిపెడుతున్నారట, చేతిసాయం కావాలట. కాలేజీ మూతబడి ఖాళీగా ఉన్నాను. ఫాదర్ ఎవరినో పట్టుకుని పాస్ ఇప్పిస్తే వెళ్లాను.

ఆ ఇద్దరూ నేను అంతకుముందు చూసిన సిస్టర్లలా లేరు. మామూలు నూలు చీరలు, మెడలో చిన్న సిలువ, అంతే. వాళ్లలో పెద్దామె కిచిడీ కలుపుతూ, తనకు రోజూ పొద్దున్నే తలుపు తీయాలంటే భయంగా ఉంటుందని నవ్వుతూ చెప్పింది. ఆ మాట నాకు చాలా నచ్చింది. సిస్టర్లకు భయం ఉండదని, అందుకే నాలాంటి పిరికిదానికి ఆ దారి సరిపోదని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఉల్లిపాయలు తరుగుతూ, కళ్లు తుడుచుకుంటూ, బతికితే ఇలా బతకాలి అనుకున్నాను. ఎవరికోసం ఉన్నామో వాళ్ల గల్లీలోనే ఉండి, వాళ్లతోపాటే నల్లా దగ్గర బిందె పట్టుకుని నిలబడాలి అనుకున్నాను.

ఇంట్లో చెబితే బాపు నవ్వాడంతే. అమ్మకు మాత్రం అది మఠమే అనిపించలేదు. చీర కట్టుకుని, కిరాయి ఇంట్లో ఉండి, కూరగాయలు బేరం చేయడానికి మఠం దాకా పోవడమెందుకు, అది మనింట్లో లేదా అని దెప్పింది. ఆ తరువాత మఠాల గురించి అచ్చం సంబంధాలు వాకబు చేసినట్టే చేసింది. ఎంతమంది ఉంటారు, పెద్దామె నెమ్మదైనదేనా, కడుపునిండా పెడతారా, ఏడాదికొకసారైనా పుట్టింటికి పంపుతారా అని గుడి దగ్గర కనిపించినవాళ్లందరినీ అడిగింది. అన్నిట్లోకీ ఆమెకు నచ్చింది ఆసుపత్రి నడిపే సిస్టర్ల మఠం. తెల్లటి అంగీలు, పెద్ద భవనం, పైగా అక్కడి పెద్ద సిస్టర్ తెలుగామె.

ఫాదర్ తొందరపడొద్దన్నారు. రెండు చోట్లా కొన్నాళ్లు ఉండి చూడమన్నారు. దేవుడు పిలిచే చోటు మనసుకు తెలుస్తుందన్నారు. ఉండి చూడటానికి కరోనా ఏ తలుపూ తెరవనివ్వలేదు. ఫోన్ చేయడం, సిగ్నల్ పోవడం, మళ్లీ చేయడం, నా వెతుకులాటంతా అదే అయింది.

అంతలో రెండో అల వచ్చింది. బాపుకు జ్వరం తగ్గకుండానే ఆయాసం మొదలైంది. ఎక్కడా మంచం దొరకలేదు. చివరికి ఆ సిస్టర్ల ఆసుపత్రిలోనే వరండాలో ఒక మంచం ఇచ్చారు. అమ్మా నేనూ గేటు బయట ఫుట్‌పాత్ మీద, ఎండలో కూర్చునేవాళ్లం. లోపలి నుంచి ఒకాయన వచ్చి పేరు పిలిచేవాడు. ఆ పిలుపు మందుల కోసమో, శవం కోసమో దగ్గరికి పోయేదాకా తెలిసేది కాదు. ఆ కాస్త దూరం నడవలేక మధ్యలోనే కూలబడిన మనుషులను చూశాను.

ఒకరోజు మా పేరు పిలిచారు. ఉతికిన లుంగీ కావాలట. మెట్ల దాకా పోయి ఇచ్చి రమ్మని అమ్మ నన్ను పంపింది. గేటు దాటగానే మందుల వాసన, వరుసగా దగ్గులు, వాటి మధ్య ఎవరో తల్లిని పిలుస్తున్న గొంతు. నా కాళ్లు కదలలేదు. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. అమ్మే వచ్చి నా చేతిలోంచి లుంగీ తీసుకుని లోపలికి పోయింది.

బాపు బతికాడు. ఇంటికి తెచ్చుకున్న రోజు, ఆయన కునుకు తీస్తుండగా, అమ్మ నన్ను పొయ్యి దగ్గరికి పిలిచింది.

"మరియమ్మకు మొక్కిన బిడ్డా. ఆయన బతికి బయటికొస్తే నిన్ను ఆ దవాఖాన సిస్టరమ్మలకే ఇస్తనని మొక్కిన."

ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక బాపు పడుకున్న వైపు చూశాను. నేను కాదంటే ఏమవుతుందో అమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు. బాపుకు ఇంకా ఊపిరి సరిగ్గా ఆడటం లేదు. నల్లా దాకా నడిస్తే గోడ పట్టుకుని నిలబడేవాడు. ఆయన దగ్గిన ప్రతిసారీ అమ్మ నా వైపు చూసేది. మొక్కుకీ ఊపిరితిత్తులకీ సంబంధం లేదని నాకు తెలుసు, కాలేజీ చదువు చదివినదాన్ని. తెలిసి కూడా నమ్మాను. నేను వడోద్ సిస్టర్లతో ఫోన్లో మాట్లాడిన రోజే బాపుకు ఆయాసం ఎక్కువైంది. నా ఫోన్ వల్లనే అయిందనుకున్నాను. తరువాత వాళ్లు చేసినా ఎత్తలేదు.

అమ్మ నన్ను చూసుకునే తీరు కూడా మారిపోయింది. కత్తిపీట ముట్టుకోనిచ్చేది కాదు, బజారుకు పంపేది కాదు. పాలప్యాకెట్ నేను అందుకుంటే కసిరేది. మొక్కుకున్న దానికి దెబ్బ తగలకూడదు కదా. పక్కింటి చిన్నమ్మ ఇదంతా గమనించి, ఆరా తీసి, కోడెను కట్టినట్టు బిడ్డను కట్టేశావు కదా అని అమ్మను ఎగతాళి చేసింది. కోడెకు నోరు లేదు, దీనికి ఉంది కదా, ఒకసారి అడగరాదా అని కూడా అంది. అమ్మ మాట మార్చింది. నోరున్న నేనేమో గిన్నెలు తోముకుంటూ కూర్చున్నాను.

ఇంకో భయం ఇంతకంటే లోపల ఉండేది. ఆసుపత్రి మఠం వద్దని నా మనసు అంటున్నది దేవుడు నిజంగా వేరేచోటికి పిలుస్తున్నందుకా, లేక ఆ రోజు గేటు దగ్గర నా కాళ్లు ఆగిపోయినందుకా? వడోద్ పేరు చెప్పుకుని నేను తప్పించుకుంటున్నానేమో. అలా అనుకున్నప్పుడు నామీద నాకే అసహ్యం వేసేది. జపమాల పట్టుకుంటే పూసలు కదిలేవి, ప్రార్థన మాత్రం కదిలేది కాదు.

వానలు మొదలై జనం కాస్త బయట తిరుగుతున్నప్పుడు అమ్మ నన్ను తీసుకుని ఆసుపత్రి మఠానికి బయలుదేరింది. బాపుకు గుడికి పోతున్నామని చెప్పింది. మొక్కు సంగతి ఆయనకు అప్పటికీ తెలియదు. పెద్ద సిస్టర్ వెనకవైపు రేకుల షెడ్డు కింద దూరదూరంగా కుర్చీలు వేయించింది. గుంటూరు వైపు ఆమె. మాస్కు పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, వాటి కింద నల్లగా ఉబ్బి ఉంది. ఆ ఎండాకాలంలో వాళ్ల మఠంలోనూ చనిపోయినవాళ్లు ఉన్నారని తరువాత తెలిసింది.

అమ్మ సరిగ్గా కూర్చోకముందే మొక్కు సంగతి చెప్పేసింది, అప్పగింతలు పెడుతున్నట్టుగా. సిస్టర్ అంతా విని, నీకేమనిపిస్తోందని నన్ను అడిగింది. అమ్మ వింటూ ఉంది. చివరికి, ఆసుపత్రి అంటే భయమని మాత్రం అన్నాను. భయం తమకూ ఉందని, దాంతోనే పని చేస్తున్నామని, అది అడ్డం కాదని ఆమె అంది. ఆ భయాన్ని కాసేపు పక్కన పెట్టి, దాని కింద ఇంకేమైనా ఉందేమో చూసి చెప్పమంది.

నేను చూసుకున్నాను. వడోద్ గల్లీని తలుచుకున్నా నాకు భయమే. అక్కడా దగ్గే మనుషులే, పైగా గేటు కూడా లేని ఇల్లు. కానీ అక్కడ భయం కింద, వెళ్లాలన్న కోరిక ఉంది. ఇక్కడ భయం తీసేస్తే అమ్మ మొక్కు తప్ప ఏమీ లేదు. అదే చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చి, మాస్కు తడిసి ముక్కుకు అంటుకుపోయింది.

సిస్టర్ అమ్మవైపు తిరిగింది.

"మొక్కు మీరు మొక్కారు కదమ్మా. అది మీదే. ఇంకొకళ్లని మొక్కి ఇచ్చేసే హక్కు మన చర్చి ధర్మం ఎవరికీ ఇవ్వలేదు, కన్నతల్లికైనా సరే. ఈ పిల్లని మేం తీసుకోం."

ఫాదర్‌తో మాట్లాడితే ఆ మొక్కుకు బదులు ఇంకేదైనా మంచిపని చెబుతారని కూడా అంది. అమ్మ చెవికి అది ఎక్కలేదు. మొక్కును తిప్పి పంపేశారు, ఇక బాపుకు ఏమవుతుందో అన్న ఒక్కటే ఆమె ముఖంలో ఉంది. షేర్ ఆటోలో దారంతా నా చేయి గట్టిగా పట్టుకుని కూర్చుంది. నాకు గుండె తేలికవుతుందనుకున్నాను, కాలేదు. బాపు ఇంట్లో ఎలా ఉన్నాడో అని నేనూ అదే భయపడుతున్నాను.

బాపు బాగానే ఉన్నాడు. మా ముఖాలు చూసి, గుడికి పోయినవాళ్లలా లేరే, ఏమైందన్నాడు. అమ్మ గుమ్మంలోనే కూలబడి అంతా చెప్పేసింది. ఆయన కోపిష్టి కాదు, మగ్గం మీద దారం పదేపదే తెగినా తిట్టని మనిషి. ఆ రోజు కూడా గొంతు పెంచలేదు, పెంచడానికి ఊపిరి లేదు.

"నా ఊపిరికి బిడ్డను కుదువ పెట్టినవా?" అన్నాడు. గోడకు ఆనుకుని, "దేవుడు మళ్ల అడిగితే నన్నే అడుగుమను. ఊపిరి నాది" అన్నాడు.

అమ్మ ఏడ్చింది. ఇవ్వడానికి తన దగ్గర నాకంటే పెద్దది ఏదీ లేదని, చిన్నది మొక్కితే దేవుడు వినడేమోనని భయమేసిందని ఏడుస్తూ చెప్పింది. అప్పటిదాకా నాకు అమ్మమీద కోపం ఉండేది. ఆ మాటతో కోపం పోయింది, భయం మాత్రం పోలేదు.

మర్నాడు అమ్మ ఒక్కతే ఫాదర్ దగ్గరికి పోయింది. మొక్కు తనదైతే తనే తీరుస్తానని, ఆసుపత్రిలో బట్టలుతికే చోట పనికి కుదురుతానని చెప్పిందట. ఫాదర్ అంత కష్టమైనది వద్దని, ఇంకేదైనా తేలికది చూద్దామని అన్నారట. అమ్మ వింటేగా. కొత్తిమీర కట్టను కూడా ఉప్పునీళ్లలో నానబెట్టే మనిషి, పాలప్యాకెట్‌కు సబ్బు రాసే మనిషి, వార్డుల నుంచి వచ్చే దుప్పట్లు ఉతకడానికి పోయింది.

నేను వడోద్ సిస్టర్లకు ఫోన్ చేసి దాచకుండా జరిగిందంతా చెప్పాను. వాళ్లు తిట్టలేదు, వెంటనే రమ్మని కూడా అనలేదు. అమ్మా బాపూ ఇద్దరూ సరేనంటేనే రమ్మన్నారు. దీపావళి సెలవులయ్యాక అహ్మదాబాద్ అవతల ఉన్న వాళ్ల శిక్షణ మఠంలో చేరవచ్చన్నారు. బాపు సరేనన్నాడు. అమ్మ తల ఊపింది, నోటితో అనలేదు.

నేను కోరుకున్నది అదే. కానీ ఇప్పుడు భయం చోటు మారింది. పొద్దున అమ్మ వెళ్లింది మొదలు తిరిగి వచ్చేదాకా నాకు ఏ పనీ చేతిలో ఆగేది కాదు. ఆమె వచ్చి, బట్టలు బకెట్లో పడేసి, స్నానం చేసి కూర్చోగానే ఏదో వంకతో ఒళ్లు తాకి చూసేదాన్ని. టీవీలో మూడో అల అంటున్నారు. అమ్మను ఆ దుప్పట్ల మధ్య వదిలేసి ఎలా పోను అని రోజూ అనుకునేదాన్ని.

బయలుదేరాల్సిన పొద్దున అమ్మ గొంతు బొంగురుపోయి ఉంది. దుమ్ము అంది. నేను పటం ముందు మోకరించాను. అమ్మకు ఏమీ కాకుండా చూడు తల్లీ, నేను ఆ ఆసుపత్రి మఠానికే పోతాను అని మనసులో మొదలుపెట్టాను. అంత భయంలో నాకు కూడా ఇవ్వడానికి అంతకంటే పెద్దది ఏదీ తోచలేదు. వెనక అమ్మ నిలబడి ఉందని అప్పుడు చూశాను. నా పెదవులు కదలడం ఆమె చూసింది.

"మొక్కుతున్నవా?"

"ఇంకా పూర్తిగ మొక్కలేదు" అన్నాను.

"మొక్కకు బిడ్డా. నాకోసం ఏం మొక్కకు. నువ్వు పోయేకాడికి పో."

ఆ మాట అనడం ఆమెకు ఎంత కష్టమో నాకు తెలుసు. దేవుడికి ఏదీ ఒప్పుకోకుండా ఇంట్లోంచి మనిషిని పంపడం ఆమెకు అదే మొదటిసారి. బాపు నా సంచి తనే మోస్తానని మొండికేసి, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని, గల్లీ చివరిదాకా మోశాడు. అమ్మా నేనూ ఒకే షేర్ ఆటో ఎక్కాం. ఆసుపత్రి దగ్గర అమ్మ దిగింది. నేను స్టేషన్‌కు పోయాను.