అర్ఫజ్ రెమ్మల కింది కాగితం

1986లో కువైట్‌లోని ఒక పరిశోధనా సంస్థలో వృక్ష పర్యావరణ శాస్త్రవేత్తగా చేరాను. వఫ్రా పొలాలు దాటాక ఎడారిలో కంచె వేసిన కొంత నేలను నాకు అప్పగించారు. అక్కడ అర్ఫజ్ అనే పసుపు పూల పొదలు ఉండేవి. ఏటా వసంతంలో, ఎంచుకున్న ప్రతి పొదకూ మొదటి పువ్వు విచ్చిన రోజున ఒక రెమ్మ కోసి, పాత న్యూస్‌పేపరు మడతలో నొక్కి ఆరబెట్టేవాళ్ళం. తేదీ, పొద నంబరు ఆ పేపరు అంచు మీదే పెన్సిల్‌తో రాయడం మా వృత్తిలో అలవాటు. ఎండలు పెరిగేకొద్దీ పూత ముందుకు జరుగుతోందా లేదా అన్నది ఆ రెమ్మలే తేల్చాలి. నాకు ముందు పనిచేసినాయన కోసినవి కూడా కలిపితే పదేళ్ళ వరస. మధ్యలో ఒక్క ఏడు పోయినా మిగతావాటి మాట ఎవరూ నమ్మరు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. సంస్థలోని పరికరాలు, జీపులు, నా నోటు పుస్తకాలు అన్నీ పోయాయి. రెమ్మల కట్టను మాత్రం మొదటి వారంలోనే సాల్మియాలోని నా ఫ్లాటుకి చేర్చుకున్నాను. గడ్డి కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నావని మిత్రులు తిట్టారు. తిట్టనీ! ఆ కట్ట లేకుండా దేశం దాటేది లేదని నేను మొండికేశాను.

మా పై ఫ్లాటులో పనిచేసే రమణమ్మది రాయచోటి దగ్గర పల్లె. వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, కుటుంబంతో సహా సెలవులకు లండన్ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయింది. ఇరాక్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ వెళ్ళే బస్సులో రమణమ్మా, నేనూ చోటు సంపాదించాం. బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం, దారికి రొట్టెలు ఎన్ని కావాలో అడగడానికి కిందికి వచ్చి, కట్ట విప్పి చూసుకుంటున్న నా దగ్గర ఆగిపోయింది.

"ఓరి నాయనో! ఏంది సారూ ఇది? ఈ పేపర్ల నిండా ఈడి రాజు బొమ్మలే ఉండాయి కదా! నీకేమన్నా మతి పోయిందా?"

నిజమే. కువైట్ పాలకుడి ఫొటో దగ్గర ఉంచుకుంటే సైనికులు ఏం చేస్తారో ఊరంతటికీ తెలుసు. నాలుగేళ్ళుగా రోజూ ఆ కాగితాలు తిప్పుతూ నేను రెమ్మల్నే చూశాను. సిగ్గేసింది, భయమూ వేసింది. కాగితాలు మార్చవచ్చు, కానీ అంచుల మీది రాత పోతే అవి వట్టి ఎండు పుల్లలు. తిరగరాస్తే సాక్ష్యంగా చెల్లదు. ఆ సంగతే ఆమెకు చెప్పాను.

"అట్టయితే రాసిన అంచు మటుకే కత్తిరిచ్చు సారూ. రెమ్మనీ దాన్నీ కలిపి నేను కుడతా" అంది. బాస్మతి బియ్యం గుడ్డ సంచులు విప్పి, సూదీ దారమూ తెచ్చుకుని కూర్చుంది. నేను కత్తిరించి అందిస్తుంటే, కాడ విరగకుండా, అంకె మీద సూది పడకుండా సాయంత్రానికి అన్నీ కుట్టేసింది. మిగిలిన పేపర్లన్నీ వంటింటి సింకులో కాల్చేశాం.

సరిహద్దు తనిఖీ దగ్గర మా ముందు బస్సులోంచి ఒకాయన్ని దింపేశారు. ఆయన పెట్టె అడుగున పరిచిన పాత పేపరులో అదే బొమ్మ దొరికింది. తర్వాత మా వంతు. సైనికుడు కట్ట విప్పి, గుడ్డలు ఒక్కొక్కటే తిప్పి, ఒక రెమ్మ వాసన చూసి నా ముఖంలోకి చూశాడు. రమణమ్మ పొట్ట పట్టుకుని, "దవా, బాబా, దవా" అంది, కడుపు నొప్పికి నాటుమందన్నట్టు. వాడు నవ్వి కట్ట ఆమె ఒడిలో పడేశాడు. "ఖలాస్! తెరిచిన నోరు ముయ్యి సారూ ఇంక" అని నా మీద కసిరింది. బొంబాయిలో దిగి లెక్క చూసుకుంటే ఒక్క రెమ్మ కూడా తగ్గలేదు. విమానాశ్రయంలో నలుగురూ చూస్తున్నా పట్టించుకోకుండా గట్టిగా నవ్వాను.

కొన్నేళ్ళకు ఆ వరస ఆధారంగా నా వ్యాసం వచ్చింది. పూత ముందుకు జరుగుతున్న మాట నిజమే. యుద్ధంలో అన్నీ పోయిన దేశం నుంచి ఈ లెక్కలు ఎక్కడివని ఒక సభలో నిలదీస్తే, ఆ గుడ్డలే బల్ల మీద పరిచాను. వ్యాసంలో నమూనాలు భద్రపరచినవారి పేరు దగ్గర రమణమ్మ అని ఉంటుంది. ఆ తర్వాత చేరిన ప్రతి ఉద్యోగంలోనూ రెండు నియమాలు పెట్టాను. నంబరు మొక్కకే కట్టాలి, కాగితానికి కాదు. కట్ట గడప దాటే ముందు, శాస్త్రం చదవనివాళ్ళు ఒకరు దాన్ని విప్పి చూడాలి.