మా ఆయన నోరు తెరిపించబోయి

ఒకరిని పట్టించాలని పోయి నేనే దొరికిపోయిన సంగతి చెప్తా వినండి. నవ్వితే నవ్వండి గానీ, టీ ఒంటి మీద ఒలకబోసుకోవద్దు!

మార్కాపురంలో మాది పలకల దుకాణం. పలకలు, బలపాలు, నోట్ బుక్కులు అమ్ముతాం. గల్లా దగ్గర మా ఆయన, ఆయన ఎడమ బుగ్గలో ఖైనీ. పెళ్ళయిన కాడి నుంచీ ఆ బుగ్గ ఖాళీగా ఉండంగ నేను చూడలేదు. మానెయ్యమని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

ఈ ఏడాది బడులు తెరవకముందు కొమరోలు నుంచి మా పాత కస్టమర్ వచ్చినాడు. ఏటా మా దగ్గరే సరుకు తీసుకుపోతాడు. వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఒకే డబ్బాలో ఖైనీ పంచుకునేవాళ్ళు. ఈసారి ఆ కస్టమర్ దవడ ఒక పక్క లోపలికి పోయింది. నోటి క్యాన్సరంట, ఆపరేషన్ అయిందంట. మాట సరిగ్గా రావడంలేదు. పాపం, మా దుకాణంలో పలకే తీసుకుని ఆర్డర్ రాసినాడు. చివర్న మా ఆయన కోసం ఇంకో లైను రాసినాడు: "ముందే చూపించుకుని ఉంటే చిన్న కోతతో పోయేది."

అది చదివి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి పోదాం రమ్మన్నా మా ఆయన్ని. ఆయనకూ లోపల భయమేసే ఉంటాది. పైకి మాత్రం, "నాకేమన్నా నొప్పా, పాడా? నొప్పి లేనోడు డాక్టర్ దగ్గరికి ఎందుకు పోతాడే?" అన్నాడు.

మా పక్క షాపులో బ్లౌజులు కుట్టే రజియా ఐడియా ఇచ్చింది. "అక్కా, నీకే పన్ను నొప్పని చెప్పు. తోడు రమ్మను. పోయినాక పళ్ళ డాక్టరమ్మే చూసుకుంటాది." భేషుగ్గా ఉందనుకున్నా. క్లినిక్‌కి ముందే ఫోన్ చేసి చెప్పినా, "ముందు నన్ను చూడండమ్మా. తర్వాత మాటవరసకు అన్నట్టు ఆయన్ని కూడా కూర్చోబెట్టండి" అని.

మంగళవారం మధ్యాహ్నం బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని, "అమ్మా, అబ్బా" అనుకుంటా ఆటో ఎక్కినా. ఏం యాక్టింగనుకున్నారు! మా ఆయన దారి పొడుగునా "మెల్లగా పోనీ నాయనా, గుంతలు చూసుకో" అని ఆటో అతన్ని బతిమాలుతానే ఉన్నాడు.

ఇక్కడే నా బుద్ధి గడ్డి తినింది. నాకు టెన్షన్ వస్తే బలపం తినే అలవాటు. ఏంది ఆ నవ్వు? బడికి పోయేటప్పటి నుంచీ ఉంది. ఇంట్లో ఒక్కరికీ తెలియదు. క్లినిక్ బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు ఒకటే గుండెదడ. పర్సులో ఉండనే ఉన్నాయి, కొంగు చాటున రెండు ముక్కలు నమిలేసినా. అప్పుడే మా ఇద్దర్నీ లోపలికి పిలిచినారు.

డాక్టరమ్మ మా పెద్దమ్మాయి ఈడుది. మెడ కింద తడిమింది. పెదాలు, చిగుళ్ళు, బుగ్గల లోపల అంతా చూసింది. "నాలుక పైకెత్తండి ఆంటీ" అనింది. ఎత్తినా. ఆ పిల్ల మొహం మారిపోయింది.

"ఆంటీ, నాలుక కింద తెల్లగా ఉందే! ఎన్నాళ్ళ నుంచి?"

నా నోట్లో ఆమె వేళ్ళుండె. ఏం చెప్తా? "ఆఁ... ఊఁ..."

మా ఆయన గబుక్కున లేచి వచ్చినాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "తెల్లగానా? ఏం తెల్లగా డాక్టరమ్మా?"

ఆమె గుడ్డముక్కతో తుడిచింది. తెలుపంతా గుడ్డకే వచ్చేసింది. "హమ్మయ్య. మేం భయపడే మచ్చ ఇట్ల తుడిస్తే పోదులే. మరి ఇదేంది ఆంటీ, సున్నమా?"

మా ఆయన ఆ గుడ్డ తీసుకుని వేళ్ళతో నలిపి చూసినాడు. ముప్ఫై ఏళ్ళ వ్యాపారం గదా! "ఇది బలపం పొడి! మా దుకాణందే!" నా వైపు తిరిగినాడు. "అంటే... డబ్బాల్లో తగ్గేది నీ వల్లనా! ఎలకలనుకుని రెండు బోన్లు తెచ్చి పెడితిని గదే! రోజూ వాటిలో పకోడీ పెట్టేది నువ్వే గదే!"

నిజమే, నేనే పెట్టేదాన్ని. ఇంకేం చెయ్యమంటారు?

ఇంక ఆయనకు నవ్వు ఆగలా. గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని, కళ్ళెంట నీళ్ళు కారతా ఉంటే నోరు బార్లా తెరిచి నవ్వినాడు. క్లినిక్ గదా అని ఆ పూట ఖైనీ ఉమ్మేసి వచ్చినాడు. డాక్టరమ్మ గట్టిది! టార్చి పట్టుకుని ముందుకొచ్చి, "అంకుల్, కదలొద్దు! నోరు అట్లనే ఉంచండి!" అనింది.

ఎడమ బుగ్గలో, రోజూ ఖైనీ పెట్టే చోటే, తెల్లటి మచ్చ. ఆమె తుడిచింది. పోలా. ఇంకోసారి తుడిచింది. పోలా. ఇద్దరికీ నవ్వు ఎగిరిపోయింది.

"నొప్పేం లేదు గదమ్మా" అన్నాడు మా ఆయన, చిన్నపిల్లోడి మాదిరి.

"మొదట్లో నొప్పి ఉండదు అంకుల్. అందుకే నొప్పి లేనప్పుడే చూపించుకోవాల. ఇప్పుడు ఎంతసేపు పట్టింది చెప్పండి?"

చిన్న ముక్క తీసి టెస్టుకు ఒంగోలు పంపించినారు. పది రోజులు ఎదురుచూసినాం. ఆయనకేమన్నా అయితే నేనెట్ల బతకాల అని పలకల కట్టల వెనక కూర్చుని ఏడ్చినా. పదకొండో రోజు ఫోన్ వచ్చింది. క్యాన్సర్ కాదు, కానీ ఖైనీ మానకపోతే అయ్యే ప్రమాదముందంట. పిలిచినప్పుడల్లా వచ్చి మచ్చ చూపించుకోవాలంట, నేను కూడా ఏడాదికోసారి రావాలంట. మా ఆయన ఫోన్ పెట్టేసి, ఖైనీ డబ్బా తీసుకుపోయి కాలవలో పారేసినాడు.

నాలుగు నెలలైంది, మళ్ళీ ముట్టలా. పైగా ఇప్పుడు బుగ్గన ఏదన్నా పెట్టుకుని వచ్చిన కస్టమర్‌ని వదిలేది లేదు. గల్లాలో ఒక టార్చి పెట్టుకున్నాడు. తన నోరు తెరిచి చూపిస్తాడు, వాళ్ళ నోరు తెరిపిస్తాడు, మధ్యలో నా బలపం కథ చెప్తాడు. బజారంతా తెలిసిపోయింది. తెలిస్తే తెలిసింది పో, మనిషి దక్కినాడు అనుకున్నా.

నిన్న దోర్నాల నుంచి ఒక టీచరమ్మ వచ్చి రెండు డబ్బాల బలపాలు అడిగింది. తీసి చూస్తే ఒకటిన్నరే ఉంది. మా ఆయన గల్లాలో చెయ్యి పెట్టినాడు. టార్చి తీసుకుని నా ముందుకొచ్చి నిలబడినాడు.

"ఊఁ, నోరు తెరువు."

తెరిస్తే దొరికిపోతా. తెరవకపోతే, ఇన్నాళ్ళూ ఆయనకు ఏ మొహం పెట్టుకుని చెప్పినట్టు? కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచినా. టీచరమ్మ కూడా కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూసింది.