‘ఎనీవన్’ అని అడిగినప్పుడు

నేను ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఇంగ్లీషు క్లాసులో చేరేనాటికి నాకు ఏడో నెల. మా ఆయన ఆరు నెలల ఉద్యోగం వచ్చి సముద్రం అవతల బెల్‌ఫాస్ట్ ఆసుపత్రికి వెళ్లారు. ఆ స్థితిలో ఫ్లాట్ మారడం, కొత్త ఊళ్లో మళ్లీ మొదటినుంచీ డాక్టర్లను వెతుక్కోవడం ఎందుకని నేను ఉండిపోయాను. అమ్మకు వీసా రాలేదు.

చదివింది ఇంగ్లీషు మీడియమే అయినా మనిషి ఎదురుగా నిలబడితే నాకు మాట పెదవి దాటేది కాదు. అందుకే లైబ్రరీ మేడమీద జరిగే ఆ క్లాసుకు వెళ్లాను. టీచరు రిటైరైన పెద్దావిడ. ఒకరోజు ప్రశ్నలు అడగడం నేర్పింది. బోర్డు మీద ‘ఈజ్ ఎనీవన్ ఎట్ హోమ్?’ అని రాసి, దాని కింద ‘ఆర్ యు ఎట్ హోమ్?’ అని రాసింది. ఇంట్లో ఎవరున్నారో, అసలున్నారో లేదో తెలియనప్పుడు మొదటిది, అడుగుతున్న మనిషి ఎవరో తెలిసినప్పుడు రెండోది అంది.

నాకు మొదటిదే నచ్చింది. ‘ఎనీవన్’ అంటే ఎవరినీ ఇబ్బంది పెట్టినట్టుండదు. ఎవరైనా కాదన్నా అది నన్ను అన్నట్టుండదు.

ఆ వారమే కాన్పులు చూసే మిడ్‌వైఫ్ నన్ను పరీక్ష చేసి, కాన్పు సమయానికి తోడు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. మా ఆయన సమయానికి అందకపోవచ్చని చెప్పాను. ఇంకెవరైనా, అంది. లేరన్నట్టు తల అడ్డంగా ఊపాను. సాయంత్రం ఫోన్లో ఆయనకు ఆ సంగతి చెప్పాను.

“డ్యూటీల రోటా మార్చమని నేనిక్కడ అడుగుతూనే ఉన్నాను. నువ్వు మాత్రం ఒక్కదానివే ఉండకు. క్లాసులో ఎవరినైనా అడుగు,” అన్నారు.

బస్సులో వాక్యం మనసులో కట్టుకుంటూ వెళ్లి, క్లాసు మొదలవగానే లేచి నిలబడ్డాను. “కెన్ ఎనీవన్ కమ్ విత్ మీ టు ద హాస్పిటల్?” అని అడిగి, సంగతి చెప్పాను. అందరి ముఖాల్లోనూ జాలి కనిపించింది. ఒకరినొకరు చూసుకున్నారు. కాదని ఎవరూ అనలేదు, సరేనని కూడా ఎవరూ అనలేదు. చెవులు వేడెక్కిపోయి కూర్చున్నాను.

టీ విరామంలో టీచరు నా పక్కకొచ్చి, వాక్యంలో తప్పేమీ లేదంది. తర్వాత మెల్లగా, “ఇంతకీ నువ్వు రమ్మనాలనుకున్నది ఎవరిని?” అని అడిగింది.

నాకు తెలుసు. నా పక్క కుర్చీలో కూర్చునే ఇరాన్ ఆవిడను. నాకంటే పెద్దది, స్కూలుకెళ్లే కూతుళ్లు ఇద్దరు. నాకు కడుపు బరువైనప్పటినుంచీ నా సంచీ మెట్లమీద ఆవిడే మోసేది. మా మధ్య మాటలు తక్కువే.

ఆవిడ కెటిల్ దగ్గరుంది. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

“కెన్ యు కమ్ విత్ మీ?”

చేతిలో కప్పు కింద పెట్టేసింది. “యెస్. వెన్?”

ఎప్పుడో నాకు మాత్రం ఏం తెలుసు, అన్నాను. నవ్వి, నా ఫోన్ తీసుకుని తన నంబరు ఎక్కించింది. ఇందాక ఎందుకు మాట్లాడలేదని అడిగితే, ‘ఎనీవన్’ అంటే మా భాషవాళ్లెవరినో అడుగుతున్నాననుకుందట. ఆ పిలుపులో తను ఉంటుందని అనుకోలేదట.

నొప్పులు ఒక శనివారం పొద్దున్నే, వాన పడుతుండగా మొదలయ్యాయి. నేను ఫోన్ చేయగానే ఆవిడ కూతుళ్లను పక్కింట్లో వదిలి టాక్సీలో వచ్చింది. ఆసుపత్రిలో నేను తెలుగులో ఏడ్చాను, ఆవిడ ఫార్సీలో ధైర్యం చెప్పింది. చెయ్యి మాత్రం వదల్లేదు. మీరు ఈమె కుటుంబమా అని నర్సు అడిగినప్పుడు ఆవిడ నావైపు చూసింది. అవునని నేనే చెప్పాను.

మా ఆయన సాయంత్రం ఫ్లైటుకు వచ్చేసరికి పాప పుట్టి, పాలు తాగి నిద్రపోయింది. ఆవిడ పాపను ఆయన చేతుల్లో పెట్టి, కోటు తొడుక్కుంటూ, మర్నాడు తన కూతుళ్లను తీసుకురావచ్చా అని నన్ను అడిగింది. తెచ్చింది. పాపను ముందు ఎవరు ఎత్తుకోవాలని ఇద్దరూ నా మంచం పక్కనే పోట్లాడుకున్నారు.